ఎర్రగీత కింద

గీతల డబ్బాలోంచి నిన్నటి కాగితాన్ని బయటికి లాగిన పెద్దరాములుకు, కంది స్టేజీ దగ్గర తన బస్సు గీసిన గీత గోడలా నిటారుగా నిలబడి కనిపించింది.

ముడత పడిందేమోనని బొటనవేలితో రుద్దాడు. ముడత కాదు. కాగితాన్ని సంగారెడ్డి షెడ్డులో బల్బు కిందికి తీసుకెళ్ళి మళ్ళీ చూశాడు. మిగతా స్టేజీలన్నింటి దగ్గరా గీత ఆనించిన నిచ్చెనలా ఏటవాలుగా పైకెక్కి, కాసేపు అడ్డంగా సాగి, అలాగే ఏటవాలుగా కిందికి దిగింది. ఒక్క కంది దగ్గర మాత్రం నేలలో పాతిన గుంజలా లేచింది. పెద్ద ఎత్తుకేమీ లేవలేదు. లేచిన వెంటనే కూలిపోయి, కాగితం అడుగున చాలా దూరం పాకింది.

అంటే బస్సు ఆగిపోయింది. ఎందుకు ఆగిందో నిన్న పొద్దున బస్సులో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. ఫౌండ్రీలో పనిచేసే బాలప్ప మెట్టు మీంచి జారి వెనక చక్రం కింద పడ్డాడు. పెద్దరాములు పోలీసు జమేదారుకు అదే చెప్పాడు. బస్సు మెల్లగానే ఉందని కూడా చెప్పాడు. అది నిజమే.

కాగితం చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. డబ్బాలో కొత్త చుట్ట ఎక్కించాడు. గడియారానికి తాళం తిప్పాడు, కలంలో సిరా చుక్క వేశాడు. రోజూ చేసే పనే. చేతులు వాటంతట అవే చేశాయి.

పెద్దరాములు పొట్టి మనిషి. ఖాకీ చొక్కాకు మెడ దగ్గర అరిగిన చోట భార్య ముత్యమ్మ వేసిన మాసిక ఉంటుంది. ఏళ్ళ తరబడి క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ పిక్క కుడి పిక్క కంటే లావయింది. పాత జైలు వెనక కిరాయి గదిలో ఉంటాడు. పిల్లలు లేరు. యుద్ధం రోజుల్లో బస్సులు బొగ్గు మంట మీద నడిచినప్పుడు క్లీనరుగా చేరి, తెల్లారకముందే బొగ్గు రాజేసేవాడు. ఆ తరవాత ఇసుక లారీ. ఆ తరవాత పటాన్‌చెరులో పంపుల ఫ్యాక్టరీ పెట్టినప్పుడు సంగారెడ్డి నుంచి పొద్దుటి షిఫ్టు జనాన్ని తీసుకుపోయే బస్సు. అతని బస్సులో కునుకు తీసేవాడికి బస్సు ఎప్పుడు ఆగిందో, ఎప్పుడు కదిలిందో తెలియదు. అతని గురించి చెప్పుకోవడానికి అంతకంటే పెద్ద సంగతి ఏదీ లేదు. అతనికి అది చాలు.

గీతల డబ్బా వచ్చి రెండేళ్ళు దాటింది. డ్రైవర్లు వేగంగా పోతున్నారని ఫిర్యాదులు వస్తే, ఫ్యాక్టరీ వాళ్ళు ఎక్కడినుంచో తెప్పించి రెండు బస్సులకూ బిగించారు. లోపల కాగితం గడియారం లెక్కన మెల్లగా జరుగుతూ ఉంటుంది. బస్సు వేగాన్ని బట్టి కలం పైకీ కిందికీ కదులుతుంది. కాగితం మీద యాభై దగ్గర ముందే ఒక ఎర్రగీత అచ్చేసి ఉంటుంది. కలం దాన్ని దాటితే మెమో. ఏడాదంతా దాటని డ్రైవరుకు దసరాకు ఒక కంబళి. రెండుసార్లూ కంబళి పెద్దరాములుకే వచ్చింది.

మొదట్లో ఆ గీతలు ఎవరికీ అర్థం కాలేదు. రెండో బస్సు డ్రైవరు కైలాసం, గీత కిందికి దిగిన చోట ఇస్నాపూర్ దిగుడు అన్నాడు. రోడ్డు ఎత్తుపల్లాలను డబ్బా గీస్తోందని అందరూ అదే అనుకున్నారు. అడ్డంగా సాగిన చోట బస్సు ఆగిందని పెద్దరాములు అనుకున్నాడు. కాకినాడ వైపు నుంచి వచ్చిన సూర్యారావు అనే ఇంజనీరు అది విని కోప్పడలేదు. శనివారం మధ్యాహ్నాలు షెడ్డులో రేకు మీద సుద్దతో గీసి చెప్పాడు. ఇది రోడ్డు బొమ్మ కాదు, వేగం బొమ్మ. గీత ఎంత ఎత్తున ఉంటే వేగం అంత. అడ్డంగా సాగితే బస్సు ఆగినట్టు కాదు, ఒకే వేగంతో పోతున్నట్టు. అడుగును తాకితేనే ఆగినట్టు. గీత కింద ఎంత జాగా ఉంటే బస్సు అంత దూరం పోయినట్టు.

"ఎత్తు ఒక్కటే చూస్తే సగం చదివినట్టేనయ్యా" అనేవాడు. "వాలు చూడండి. వేగం ఎంత తొందరగా పెరిగిందో వాలు చెబుతుంది. మెల్లగా పెరిగితే మెట్ల మీద ఎక్కినట్టు. ఒక్కసారిగా పెరిగితే ఎవరో వీపు మీద తన్నినట్టు."

కైలాసానికి వాలు ఎక్కలేదు. పెద్దరాములుకు ఎక్కింది. అతనికి అది కొత్త సంగతి కాదు. ఎడమ కాలికి ఎప్పటినుంచో తెలిసిందే కాగితం మీద కనిపించింది, అంతే.

"ఏందే పెద్దన్నా, కాగితం గట్ల సూస్తుంటివి? లగ్గం పత్రికనా?" బీడీ వెలిగించుకుంటూ కైలాసం షెడ్డులోకి వచ్చాడు.

పెద్దరాములు జేబులోంచి తీసి చూపించాడు. కైలాసం ముందు ఎర్రగీత మీద వేలు పెట్టాడు. కంది దగ్గరికి వచ్చి పెదవి విరిచాడు.

"ఇరవై గూడ లేదు. ఇగ నీకేం పరేషాన్? జారిండు అని రాసి పడేస్తరు."

ఆ తరవాత ఎర్రగీత దాటిన చోటు చూసి నవ్వాడు. బాలప్పను బస్సులోనే వేసుకుని, ఫ్యాక్టరీ గేటు దగ్గర కూడా ఆపకుండా, షిఫ్టు జనమంతా లోపల ఉండగానే పెద్దరాములు హైదరాబాదు ఆస్పత్రికి తోలాడు. దారి పొడుగునా గీత ఎర్రగీతకు పైనే ఉంది. పట్టుకోవాలనుకుంటే దానికే పట్టుకోవాలి, కానీ దానికీ ఎవడూ పట్టుకోడు, జనమంతా నిన్నే మెచ్చుకుంటున్నారు అన్నాడు కైలాసం. అంత భయంగా ఉంటే కాగితం ఇరుక్కుపోయిందని చెప్పమన్నాడు. డబ్బా అప్పుడప్పుడూ ఆ పని చేస్తూనే ఉంటుంది.

చౌరస్తాలో చాయ్ కొట్టు దగ్గర పెద్దరాములు నిలబడే చాయ్ తాగాడు. పొయ్యి పక్కనే ఉంది. కాగితం పలచనిది. ఒక్క క్షణం పట్టదు. జేబు మీద చెయ్యి పెట్టి పొయ్యి వంక చూశాడు. అది కాలిపోతే ఆ గీతను చూసినవాడు లోకంలో తానొక్కడే మిగులుతాడు. ఆ ఆలోచన అతనికి నచ్చలేదు. గ్లాసు కడిగి పెట్టి బస్సెక్కాడు.

కంది స్టేజీలో ఆ రోజు ఎవరూ పరిగెత్తుకుంటూ రాలేదు. అందరూ ముందే వచ్చి వరసగా నిలబడ్డారు. వాళ్ళ వెనక బాలప్ప పెళ్ళాం రాజవ్వ ఉంది. కొంగులో జొన్నరొట్టెలు కట్టుకుంది. పటాన్‌చెరులో దించితే అక్కడినుంచి సిటీ బస్సులో ఆస్పత్రికి పోతానంది. ఫ్యాక్టరీ బస్సులో బయటివాళ్ళను ఎక్కించకూడదు. అయినా పెద్దరాములు తన సీటు వెనక బెంచీ చూపించాడు. కూర్చున్నవాళ్ళు లేచి చోటిచ్చారు.

"రాత్రి కండ్లు తెరిసిండంట అన్నా" అంది రాజవ్వ. "నీళ్ళడిగిండంట. నువ్వు జల్దీ కొంచవోయినవ్ గన్కనే పానం నిలవడ్డదని డాక్టరన్నడంట. నీ కాల్మొక్త."

పెద్దరాములు అద్దంలోకి చూడలేదు. మొదటి గేరు వేశాడు. క్లచ్ ఎంత మెల్లగా వదిలాడంటే ఇంజను మూలిగి ఆగిపోయింది. వెనకనుంచి ఎవరో నవ్వబోయి ఊరుకున్నారు. రెండోసారికి బస్సు కదిలింది.

రుద్రారం దాటాక ఎండ ఎదురుగా అద్దం మీద పడింది. రాజవ్వ సీటు కమ్మీ పట్టుకుని ముందుకు వంగింది. బాలప్ప ఇక ఫౌండ్రీలో బరువులెత్తలేకపోతే క్యాంటీన్లో తనకు ఊడ్చే పనైనా ఇస్తారా అని అడిగింది. ఆఫీసులో నీ మాట వింటారు, ఒక్క మాట చెప్పు అంది. ఫ్యాక్టరీలో దెబ్బ తిన్నవాళ్ళ ఇంట్లో ఒకరికి పని ఇస్తారు. కాకపోతే వాళ్ళ అజాగ్రత్త వల్లే దెబ్బ తగిలిందని ఆఫీసు రాస్తే ఏమీ ఇవ్వరు. ఆ సంగతి రాజవ్వకు తెలియదు. పెద్దరాములుకు తెలుసు. చెప్తానన్నాడు.

పటాన్‌చెరులో రాజవ్వను సిటీ బస్సు దగ్గర దించి, ఫ్యాక్టరీ ఆఫీసులో కాగితం ఇచ్చేశాడు. భోజనాల తరవాత విచారణ అన్నారు. బస్సును ఫ్యాక్టరీ షెడ్డులో పెట్టేసరికి మెకానిక్కు వీర్రాజు ఎదురొచ్చాడు. తణుకు కుర్రాడు, పెళ్ళై ఏడాది. భార్య నాగరత్నం నిండు చూలాలు. పోయిన వారమే ఈ బస్సుకు కొత్త క్లచ్ ప్లేటు అతనే వేశాడు. రాత్రంతా నిద్రపోనట్టు కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"బాబాయ్, నిజం చెప్పు. క్లచ్ ఏమైనా పట్టేసిందా?"

"మంచిగనే ఉన్నది."

"నా మీదికి రాదుగా?"

"నీ మీదికెందుకొస్తది బిడ్డా" అన్నాడు పెద్దరాములు.

వీర్రాజు ఊపిరి పీల్చుకుని, పానా జేబులో దోపుకుని, విజిల్ వేసుకుంటూ వెళ్ళిపోయాడు.

పెద్దరాములు అన్నం తినలేదు. బస్సు కడిగాడు. వెనక చక్రాన్ని నిన్ననే ఎవరో కడిగారు. అయినా మళ్ళీ కడిగాడు. మెట్టు దగ్గరి నిలువు కడ్డీని గుడ్డతో తుడిచాడు. ఎక్కే ప్రతివాడి చెయ్యీ పడి అక్కడ రంగు పోయి ఇనుము తళతళలాడుతోంది.

ఈ దారిలో డ్రైవర్లకు ఒక సరదా ఉంది. ఆలస్యంగా వచ్చినవాణ్ణి పరిగెత్తిస్తారు. వాడు దగ్గరికి రాగానే బస్సును నాలుగు గజాలు జరుపుతారు. మళ్ళీ వస్తే మళ్ళీ జరుపుతారు. లోపలివాళ్ళు కిటికీలు చరుస్తూ ఉరుకు ఉరుకు అని కేకలేస్తారు. చివరికి వాడు రొప్పుతూ ఎక్కి, డ్రైవర్ని తిట్టి, తానూ నవ్వుతాడు. రోజూ ఆలస్యంగా వచ్చేవాడు బాలప్పే. షిఫ్టుకు ముందు మడికి నీళ్ళు కట్టి, మోకాళ్ళ దాకా బురదతో, ధోతి ఎగ్గట్టి పరిగెత్తుకొచ్చేవాడు. కైలాసం ఆ సరదాను జోరుగా ఆడేవాడు. పెద్దరాములు ఆడినా, బస్సు జరిగినట్టు తెలియకుండా ఆడేవాడు.

రేడియేటరులో నీళ్ళు పోస్తుండగా టైమాఫీసు కావలిదారు రాజేశం మెల్లగా వచ్చి పక్కన నిలబడ్డాడు. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"పోన్ వచ్చింది" అన్నాడు. "బాలప్ప పోయిండు. రాజవ్వ ఆస్పత్రికి పోయేసరికే పానం పోయిందంట."

పెద్దరాములు నీళ్ళు పోస్తూనే ఉన్నాడు. నీళ్ళు నిండి, పొంగి, బంపరు మీదుగా అతని పాదాల మీదికి కారాయి. రాజేశం అతని చేతిలోంచి డబ్బా తీసి పక్కన పెట్టాడు.

విచారణ గదిలో ఫ్యాను తిరుగుతోంది. టేబుల్ వెనక పర్సనెల్ ఆఫీసరు లక్ష్మీకాంతం కూర్చున్నాడు. సంగారెడ్డి బజారులో దుకాణం గల్లా మీద పెరిగిన మనిషి, నెమ్మదస్తుడు. పక్కన సూర్యారావు. టేబుల్ మీద కాగితం పరిచి నాలుగు మూలలా బరువులు పెట్టారు.

లక్ష్మీకాంతం అతణ్ణి కుర్చీలో కూర్చోమన్నాడు. డ్రైవర్లను ఆ గదిలో కూర్చోబెట్టడం ఎప్పుడూ లేదు. బాలప్ప పోవడం అందరికీ బాధగానే ఉందన్నాడు. ఆస్పత్రికి తీసుకుపోయేటప్పుడు ఎర్రగీత దాటిన సంగతి తాను లెక్కలోకి తీసుకోవడం లేదన్నాడు. ఇక కంది దగ్గర చూస్తే వేగం ఇరవై కూడా లేదు. ఇంత మెల్లగా పోయే బస్సు మీంచి పడ్డాడంటే అది పడినవాడి అజాగ్రత్తే.

"నీ మీద ఏం లేదు పెద్దరాములు" అన్నాడు. "జారిండు అని రాస్తున్న. సంతకం చేసి ఇంటికి పో."

సూర్యారావు కళ్ళజోడు నుదుటి మీదికి తోసి కాగితం మీదికి వంగాడు. ఇంజనీరు వేలు కంది దగ్గర ఆగడం పెద్దరాములు చూశాడు.

"ఒక్క నిమిషం ఆగండి" అన్నాడు సూర్యారావు. "వేగం తక్కువే. కానీ ఆ తక్కువ వేగానికి బస్సు ఎలా చేరిందో చూడండి. మిగతా చోట్ల ఎక్కింది, ఇక్కడ గెంతింది. మనిషిని పడగొట్టేది వేగం కాదండి. వేగం మారే తొందర."

లక్ష్మీకాంతం కూడా వంగి చూశాడు. ఈసారి ఎర్రగీతను కాకుండా గుంజలా లేచిన గీతను చూశాడు. అయితే డ్రైవరు తప్పంటారా అని అడిగాడు.

సూర్యారావు తల అడ్డంగా తిప్పాడు. రెండేళ్ళ కాగితాలూ తాను చూశానని, పెద్దరాములు కాలు ఇలాంటి గీత ఒక్కటి కూడా గీయలేదని చెప్పాడు. ఇది మనిషి పని కాదు, కొత్త ప్లేటు సరిగ్గా కూర్చోక క్లచ్ పట్టేసి ఉంటుంది. వీర్రాజును పిలిపించి అడగాలి.

"అంతేనా పెద్దరాములూ? క్లచ్ పట్టేసిందా?"

అడిగిన సూర్యారావు గొంతులో అనుమానం లేదు. గౌరవమే ఉంది. లక్ష్మీకాంతం కలం మూత తీసి పట్టుకుని ఉన్నాడు. జారాడని రాస్తే రాజవ్వ ఉత్త చేతులతో ఊరికి పోవాలి. క్లచ్ అని రాస్తే వీర్రాజు నాగరత్నాన్ని తీసుకుని తణుకు రైలెక్కాలి. రెండింటిలో ఏది రాసినా దసరాకు కంబళి మాత్రం పెద్దరాములు ఇంటికే వస్తుంది.

పెద్దరాములు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. కూర్చుని చెప్పే మాట కాదనిపించింది.

"క్లచ్ మంచిగనే ఉన్నది సార్. పోరడు మంచిగ వేసిండు. ఆని జోలికి పోకున్రి. బాలప్ప గూడ జారలే. నేను పడగొట్టిన.

"మొన్న సాయంత్రం వాడు నా బండిని ఎడ్లబండి అన్నడు. ఎడ్లయితే తోకలు మెలేస్తే ఉరుకుతయ్, ఈ ముసలోనికి ఏం మెలెయ్యాలె అన్నడు. బండిల అందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన. ఇంటికి వోయినంక నిద్ర పట్టలే. నా పెండ్లాం అడిగితే కడుపుల నొస్తున్నదని చెప్పిన. గంత చిన్న మాట సార్.

"నిన్న పొద్దుగాల వాడు ఎప్పటి లెక్కనే ఉరుక్కుంట వచ్చిండు. వచ్చి నా కిటికీల నుంచి టిఫిన్ అందిచ్చిండు. ఆల్సెమైనోళ్ళు గట్లనే చేస్తరు. టిఫిన్ నా చేతికిస్తే నేను ఇడిసిపెట్టి పోనని నమ్మకం. నేను అందుకున్న. అందుకోని నవ్విన గూడ. వాడు బండి ముంగటి నుంచి తిరిగి తలుపు కాడికి పోయిండు. నేను అద్దంల సూసిన. కడ్డీ మీద చెయ్యి వడ్డది. ఒక కాలు మెట్టు మీద వెట్టిండు. ఇంకో కాలు ఇంకా రోడ్డు మీదనే ఉన్నది. గప్పుడు రేసు తొక్కి క్లచ్ ఒక్కపారే ఇడిసిన. సూడక ఇడువలే సార్, సూసి ఇడిసిన. ఎడ్లబండి ఎట్ల ఉరుకుతదో సూడు అనుకున్న. పడాలనుకున్న. బురదల పడితే అందరు నవ్వుతరు అనుకున్న. చక్రం యాదికే రాలే.

"గా గీత నాదే. రెండేండ్ల కాయిదాలల్ల గది ఒక్కటే నేను కావాలని గీసింది. జమేదారుకు గూడ నేనే పోయి చెప్త. రాజవ్వకు పనియ్యున్రి సార్. జారిండు అని మాత్రం రాయకున్రి.

"ఆని టిఫిన్ ఇంకా నా సీటు కిందనే ఉన్నది. ఆమె పొద్దుగాల నా ఎనకనే కూసున్నది, ఇయ్యలేకపోయిన. మూత గూడ తియ్యలే."